గనుల రాబడి – పట్టణముల బ్రతుకుదెరువు

ఒక సీమ సంపన్నమైనదా, దరిద్రమైనదా యని నిర్ణయించుటకు దాని భూగర్భమున నేమి నిక్షిప్తమై యున్నదో విచారించినంత మాత్రమున చాలదు. ఆ వస్తువు వెలికి వచ్చి యెచటికి పోవుచున్నది, దాని వెల యెవరి చేతికి వచ్చుచున్నది, వచ్చిన వెల యే పనికి వినియోగపడుచున్నది యను మూడు ప్రశ్నలకును సమాధానము కావలయును. దాదాభాయి నౌరోజీగారు 1901లో ప్రకటించిన గ్రంథమున మన దేశమునుండి ఇంగ్లండునకు తరలిపోవు ధనమును లెక్కగట్టి లోకమునకు చూపిరి. ఆ పరాయి ప్రభుత్వము 1947లో తొలగిపోయెను. కాని యొక ప్రాంతమున పుట్టిన సంపద మఱియొక ప్రాంతమున ఫలించుట యను చిక్కు ప్రభుత్వము మారినంతనే తీరునది కాదు. ఆ చిక్కును స్పష్టముగా గ్రహింపగోరువారు దూరదేశములకు పోనక్కరలేదు. పూర్వపు వరంగల్లు జిల్లానుండి వేరుపడి 2016 అక్టోబరు 11వ తేదీని జిల్లా కేంద్రములైన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పట్టణములను చూచిన చాలును. ఒకదాని బ్రతుకు బొగ్గుతోను, ఒకదాని బ్రతుకు మిరపతోను రాతితోను, ఒకదాని బ్రతుకు ప్రత్తితోను ముడివడి యున్నది. మూడింటి సరకును బయటికి పోవునదే.

బొగ్గు తెచ్చిన రైలుదారి

ఈ కథకు మూలము నూటయేబది యేండ్ల వెనుకటిది. 1871లో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టరు కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గు నిక్షేపములను కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ యేర్పడి, 1889లో తవ్వకము నారంభించెను. ఆ సంవత్సరములలోనే నిజాం రైలు మార్గము సికింద్రాబాదునుండి వరంగల్లు దాటి బెజవాడకు సాగెను. ఆ దారిలో జనగామ యొక స్టేషను. మానుకోట యని మనవారు పిలుచు మహబూబాబాదు మఱియొక స్టేషను. ఇల్లెందు బొగ్గును ప్రధాన మార్గమునకు చేర్చు కూడలి డోర్నకలు. అనగా నేటి మహబూబాబాదు జిల్లాలోని డోర్నకలు పట్టణము బొగ్గు బండ్ల కొఱకు వెలసిన జంక్షనే గాని వేఱు కాదు. కంపెనీకి సింగరేణి యను పేరు 1920లో వచ్చెను; 1945లో నిజాం ప్రభుత్వము దానిని తన వశము చేసికొనెను. నేడు దాని వాటాలలో నూటికి 51 తెలంగాణ ప్రభుత్వమునవి, 49 కేంద్ర ప్రభుత్వమునవి.

ఇందొక పాఠము కలదు. బొగ్గుట్ట యని పేరుపడిన ఇల్లెందు ఈ కంపెనీకి పుట్టినిల్లు. కాని కంపెనీ కార్యస్థానము కొత్తగూడెమునకు మారిపోయెను. పాత భూగర్భ గనులు మూతపడినకొలది, వానిపై నాధారపడిన బజారు సన్నగిల్లెను. కంపెనీ పెరిగి పెద్దదాయెను. పుట్టినిల్లు మాత్రము వెనుకబడెను. గనికిని పట్టణమునకును గల సంబంధము శాశ్వతము కాదని దీనివలన తెలియవలయును.

సంపదయే రోగమగుట

ఎగుమతి సరకు విరివిగా దొరకిన చోట తక్కిన వృత్తులు క్షీణించుట పాశ్చాత్య శాస్త్రజ్ఞులు చక్కగా విచారించిన విషయము. హాలండు దేశమున 1959లో గ్రోనింగెన్ వద్ద అపారమైన సహజవాయువు బయల్పడెను. దాని యెగుమతివలన ధనము వరదగా వచ్చెను. కాని యా దేశపు కర్మాగారములు మాత్రము బలహీనపడెను. లండనులోని ఎకానమిస్టు పత్రిక 1977లో దీనికి డచ్చి రోగమని పేరు పెట్టెను. 1982లో కార్డెను, నియరీ యను నర్థశాస్త్రజ్ఞులు దీని లక్షణములను రెండుగా విభజించి చెప్పిరి. మొదటిది, గనులలో కూలి హెచ్చుగా నుండుటచే కూలీలును మూలధనమును తక్కిన వృత్తులను వదలి గనుల వైపునకు మఱలుట. రెండవది, గనివలన వచ్చిన డబ్బు చేతులు మారినకొలది ఇంటి యద్దెలు, స్థలముల వెలలు, కూలి రేట్లు పెరిగి, బయటి సరకుతో పోటీపడవలసిన సేద్యమునకును చేతివృత్తులకును చిన్న కర్మాగారములకును గిట్టుబాటు లేకపోవుట.

ఈ సూత్రము హాలండునకే గాక మన వాడలకును వర్తించును. బొగ్గు పట్టణమున మేస్త్రీకి పనియున్నది, డ్రైవరునకు పనియున్నది, కిరాణా వర్తకునకును హోటలు యజమానికిని బేరమున్నది, స్థలముల దళారికి చేతినిండ పనియున్నది. కాని ప్రక్క యూరి రైతునకు నాట్లకు కూలీ దొరకుట కష్టమగును. దొరకిన కూలీకి గని రేటు చూపక తప్పదు. పైరు వెల మాత్రము గని రేటును చూచి పెరుగదు. ఇట్లు గనికి సమీపమున నుండుటయే సేద్యగానికి భారమగును.

తెలుగువారికి ఈ యనుభవము క్రొత్తది కాదు. నెల్లూరు సీమలోని గూడూరు అభ్రకము విద్యుత్ పరికరముల నిమిత్తము విదేశములకు పోవుచుండెను. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున దానికి గిరాకి మిక్కుటముగా నుండెను. యుద్ధము ముగిసెను, క్రమముగా ఇతర పదార్థములు దాని స్థానము నాక్రమించెను, గనులు మూతపడగా అభ్రకమును చీల్చి పొరలు తీయుటలో నారితేరిన చేతులకు పని లేకపోయెను. ఇటీవల 2003 మొదలుకొని చీనా దేశపు గిరాకివలన బళ్లారి, హోసపేట ప్రాంతముల ఇనుప ఖనిజము రేవులకు పరుగులు తీసెను. రైతులు సైతము అప్పులు చేసి లారీలు కొనిరి. 2011 జూలైలో సుప్రీముకోర్టువారు బళ్లారి తవ్వకములను నిలుపుదల చేయగా ఆ లారీలు వీధుల ప్రక్కన నిలిచిపోయినవి. వాయిదాలు మాత్రము నిలువలేదు. గూడూరును చెఱచినది బజారు, బళ్లారిని నిలిపినది న్యాయస్థానము. ఫలము మాత్ర మొక్కటే.

భూపాలపల్లి

ఇక మన పట్టణములను చూతము. అడవుల నడుమ పల్లెగా నుండిన భూపాలపల్లి, కాకతీయ ఖని పేరిట గనులు తెఱచిన తరువాత పట్టణమాయెను. చెంతనే చెల్పూరున కాకతీయ విద్యుత్కేంద్రము వెలసెను. దాని మొదటి భాగము 500 మెగావాట్లు, రెండవది 600 మెగావాట్లు. బొగ్గు కొంత యా కేంద్రమున కాలి కరెంటుగా తీగల వెంట పోవును. ఈ జిల్లాకు చెందిన మహాదేవపురము తీరమున గోదావరి యిసుకయు లారీలపై రాజధానికి పోవుచున్నది. వచ్చునది జీతము, అద్దె, పరిహారము. మిగులునది గొయ్యి, దుమ్ము, బూడిద.

మిత్రులు కొందఱు, గని లేనిచో భూపాలపల్లి యెక్కడిది, గనివలన కదా ఆసుపత్రి, పాఠశాల, పక్కా యిండ్లు వచ్చినవి యని యడుగుదురు. అది సత్యమే. గని కార్మికుని జీతము కూలివాని కొడుకును ఇంజనీరును చేసినది. ఎన్నో పేద కుటుంబములు ఒక తరములో తలయెత్తుకొనినవి. మేము గనులను మూయుమని చెప్పుటలేదు. గని యిచ్చు పని నానాటికి తగ్గుచున్నదని మాత్రము చెప్పుచున్నాము. లెక్కలు చూడుడు.

సింగరేణి గనులన్నిటను కలిపి 1990వ సంవత్సర ప్రాంతమున లక్షకు పైబడిన కార్మికులు సుమారు రెండు కోట్ల టన్నుల బొగ్గును తీయుచుండిరి. 2023–24లో ఏడు కోట్ల టన్నులు తీసిరి. కాని ఖాయపు ఉద్యోగుల సంఖ్య 41,837 మాత్రమే. సుమారు 25,000 మంది కాంట్రాక్టు కార్మికులను చేర్చి లెక్కించినను, వెనుక మనిషికి రెండువందల టన్నులకు మించని బొగ్గు నేడు వేయి టన్నులు దాటినది. ఉత్పత్తి మూడు రెట్లు హెచ్చుటకు పైగా, మనుష్యుల సంఖ్య సగమునకు దగ్గఱగా తగ్గినది. దీనికి ముఖ్యకారణము ఓపెన్‌కాస్టు లని చెప్పబడు ఉపరితల గనులు. భూగర్భ గనిలో నూరుమంది చేయు పనిని ఇచ్చట నొక పెద్ద యంత్రమును, కొన్ని టిప్పర్లును చేయును. పైగా ఉపరితల గనికి కావలసిన భూమి యెక్కువ. అనగా అది యధికముగా భూమిని తీసికొని, అల్పముగా పని నిచ్చునది.

ఉన్న పనిలోనైనను సమానత లేదు. 2024 సెప్టెంబరులో, గత సంవత్సరపు లాభములనుండి 796 కోట్ల రూపాయలను కార్మికులకు పంచనున్నట్లు ప్రభుత్వము ప్రకటించెను. ఖాయపు ఉద్యోగికి సగటున 1,90,000 రూపాయలు. కాంట్రాక్టు కార్మికునకు 5,000 రూపాయలు. ఆ కొంచెమైనను వారికి లభించుట అదియే మొదటిసారి. ఇద్దఱును దిగునది యొకే గని. వారు పీల్చునది యొకే దుమ్ము. పొందినది మాత్రము ముప్పదియెనిమిది రెట్ల భేదము. దసరా ముందు వచ్చు ఈ డబ్బుతో బంగారపు కొట్లును వాహనముల దుకాణములును కళకళలాడును. ఆ పై మాసములలో బజారు మరల చప్పబడును. ఒక పండుగ డబ్బు పట్టణమునకు శాశ్వత వృత్తి కాజాలదు.

మఱియొకటి గమనింపదగినది. 2025 ఏప్రిల్ మాసమున సింగరేణివారు ఒడిశాలోని నైనీ గనిలో తవ్వకము నారంభించిరి. కంపెనీ క్షేమమునకు అది యవసరమే కావచ్చును. ఇచ్చటి బొగ్గు తఱిగినచో కంపెనీ ఒడిశాకు పోగలదు, భూపాలపల్లి పోలేదు.

మహబూబాబాదు

మహబూబాబాదు బ్రతుకు మిరపపైనను రాతిపైనను నిలిచినది. ఈ జిల్లా గుట్టలనుండి గ్రానైటు రాయి బండలుగా కోయబడి దూరదేశములకు పోవుచున్నది. ముడి బండకు వచ్చు వెలకును, కోసి నునుపు చేసిన పలకకు వచ్చు వెలకును హస్తిమశకాంతరము కలదు. ఆ నడుమనున్న లాభములోనే పట్టణపు యువకుని ఉద్యోగ మున్నది. బండగా పంపినచో క్వారీలోని కూలియు లారీ కిరాయియు మాత్రము మిగులును. పలకగా పంపినచో కోతయంత్రము నడపువాడు, మెఱుగు పెట్టువాడు, యంత్రము బాగుచేయువాడు, గుమాస్తా, వర్తకుడు – ఇందఱికిని జీవనము కలుగును.

మిరప విషయమును అట్టిదే. గనియు చేనును ఎగుమతి వ్యవహారమున నొకే న్యాయమునకు లోబడును. ఈ ప్రాంతపు తేజ రకపు మిరప ఖమ్మము, వరంగల్లు మార్కెట్ల మీదుగా చీనా మొదలగు దేశములకు పోవును. వెల యెక్కిన యేట కౌలు పెరుగును, పెట్టుబడి పెరుగును, అప్పు పెరుగును. 2021–22లో నల్ల తామర పురుగు పడి తోటలు నాశనమైనప్పుడు, కౌలు మాత్రము తగ్గలేదు, అప్పు మాత్రము మాసిపోలేదు. ఈ జిల్లా రైతులు కొందఱు ప్రాణములనే తీసికొనిరి. వెల నిర్ణయము సముద్రమున కావల జరుగుచుండగా నష్టభార మంతయు చేనిగట్టుపై నున్నవానిమీద పడుట న్యాయమా? వరంగల్లు చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు లభించుట సంతోషదాయకమే. కాని గుర్తింపు వలన వచ్చు హెచ్చు వెల కాయను నిలువచేసి, పొడిగొట్టి, రంగును నూనెను తీసి యమ్మువానికి చేరునే గాని, కల్లములోనే యమ్ముకొనువానికి చేరదు.

బయ్యారపు ఇనుప ఖనిజము మఱియొక పాఠము. 2013లో ఆ ఖనిజమును విశాఖ ఉక్కు కర్మాగారమునకు కేటాయింప నాటి ప్రభుత్వము తలపెట్టగా తెలంగాణమున నలజడి చెలరేగెను. ఇచ్చటి ఖనిజముతో ఇచ్చటనే ఉక్కు తీయవలెనని జనులు కోరిరి. 2014 నాటి పునర్విభజన చట్టమున, అప్పటి ఖమ్మము జిల్లాలో ఉక్కు కర్మాగారము స్థాపించుట సాధ్యమగునా యని ఆరు మాసములలో పరిశీలింపవలెనని వ్రాసిరి. బయ్యారము అప్పుడు ఖమ్మము జిల్లాలోనిది. కర్మాగారము నేటికిని వెలయలేదు. ఖనిజమున నినుము పాలు తక్కువయని కేంద్రమువారి వాదము. ఆ వాదము సరియే యనుకొన్నను, పది సంవత్సరములు కర్మాగారముపై ఆశపెట్టుకొని కూర్చున్న యువకులకు ఈలోగా మఱియొక వృత్తి నేర్పుట యేల జరుగలేదని మేము ప్రశ్నించుచున్నాము. బయ్యారము గిరిజన ప్రాంతమగుట మఱవరాదు. 1997లో సమత తీర్పున సుప్రీముకోర్టువారు, అట్టి సీమలలో గనులను గిరిజనేతరులకు కౌలుకిచ్చుట చెల్లదనియు, గనుల లాభములో నూటికి ఇరువదికి తక్కువ కాకుండ స్థానికుల యభ్యున్నతికి ప్రత్యేకింపవలెననియు చెప్పియున్నారు.

జనగామ

జనగామకు గని లేదు. కాని ఎగుమతి సిరి యెట్లు పంపిణీ యగునో యీ సీమ చరిత్ర చెప్పగలదు. నిజాం కాలమున తెలంగాణపు మెట్టభూములనుండి ఆముదపు గింజలు రైలెక్కి పరదేశములకు పోయెడివి. ఆ రాబడి దేశముఖుల గడీలకు చేరెను. వెట్టిచాకిరి పల్లెజనులకు మిగిలెను. 1929 తరువాత ప్రపంచమంతట పంటల వెలలు పడిపోగా చిన్నరైతు భూమి యప్పులవారి పాలాయెను. 1946 జూలై 4వ తేదీని, అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని కడవెండియందు దొడ్డి కొమరయ్య కాల్పులలో నేలకొరగెను. ఆ పిదప జరిగినది యెల్లరకు విదితమే. సంపద కొందఱి యింట చేరి తక్కినవారికి కష్టము మాత్రమే మిగులుచోట శాంతి నిలువదు. ఈ మాటను భూవసతి గలవారే ముందుగా గ్రహింపవలసి యున్నది.

నేటి జనగామ ప్రత్తి జిన్నింగు మిల్లులలో గింజ విడి, బేళ్లుగా కట్టబడి వెడలిపోవును. నూలు వడకుట, గుడ్డ నేయుట, కుట్టుట యన్నియు నితరచోట్లనే. వరంగల్లున 1934లో స్థాపితమైన ఆజంజాహీ మిల్లు మూతపడిన తరువాత ఆ లోటు పూడలేదు. 2017లో శంకుస్థాపనము జరిగిన కాకతీయ వస్త్రోద్యానవనము ఆ లోటును తీర్చవలసి యున్నది.

ఇదే జనగామ చెంత పెంబర్తి యున్నది. అచ్చట ఇత్తడి గని లేదు. రాగి గని లేదు. రేకును బయటినుండి కొనితెచ్చి, కాకతీయుల కాలమునుండి వచ్చిన నేర్పుతో కొట్టి, చెక్కి, దేవాలయములకును గృహములకును అలంకారములుగా చేసి యమ్ముచున్నారు. గనిగల ఊరు ముడిసరకు నమ్ముచున్నది. గనిలేని ఊరు నేర్పు నమ్ముచున్నది. బొగ్గు తఱిగిన పిమ్మట భూపాలపల్లికి మిగులునదేమి? పెంబర్తికి మాత్రము చేతిలోని విద్య మిగులును.

కర్తవ్యము

అట్లయిన చేయవలసినదేమి? మొదటిది, చట్టము మనకిచ్చిన ధనమును మనము లెక్క యడుగవలయును. బొగ్గు వెలలో నూటికి 14 రూపాయలు రాయల్టీ. 2015లో సవరించిన గనుల చట్టము ననుసరించి, అంతకు పూర్వపు కౌలులపై ఆ రాయల్టీలో నూటికి 30 వంతులకు సమానమైన మొత్తమును జిల్లా ఖనిజ నిధికి అదనముగా చెల్లింపవలయును. అనగా నూరు రూపాయల బొగ్గునకు నాలుగు రూపాయల ఇరువది పైసలు గనివలన బాధితమైన ప్రాంతమున కొఱకు వచ్చుచున్నవి. ఆ డబ్బు ఏ యూరి మంచినీటికి, ఏ బడికి, ఏ యాసుపత్రికి పోయినదో పురపాలక సంఘ సభలో సంవత్సరమున కొకసారి చదివి వినిపింపవలయును. గోడల రంగులకును కార్యాలయపు సోకులకును అది వ్యయపడినచో ప్రశ్నించు హక్కు ప్రతి పౌరునకును కలదు.

రెండవది, తఱుగు సంపద రాబడిలో కొంత తఱుగని సంపదగా మారవలయును. నార్వే దేశమువారు చమురు డబ్బును 1990 నాటి చట్టముతో నొక నిధిగా నేర్పఱచి, 1996 మొదలు దానిలో సొమ్ము చేర్చి, ఫలమును మాత్రము పొదుపుగా వాడుకొనుచున్నారు. మన జిల్లా నిధిలో నొక భాగము నిట్లు దాచి, గనులు మూసిన నాటికి క్రొత్త పరిశ్రమలకు మూలధనముగా నుంచుట యసాధ్యము కాదు. గనుల మూసివేతకు ముందుగానే పథకము వేసి సొమ్ము నిలువయుంచవలెనని కేంద్ర బొగ్గు శాఖ 2009లోనే నిబంధనలు చేసినది. ఆ పథకములలో గొయ్యి పూడ్చుటయే గాక, కార్మికుని కుమారుని బ్రతుకుదెరువును చేరవలయును.

మూడవది, ముడిసరకు గడప దాటకముందు దానికి మన చేతిపని యొకటైనను తోడు కావలయును. మహబూబాబాదున మిరపకు చల్లని గిడ్డంగులు, రాతికి కోత మెఱుగు కర్మాగారములు. భూపాలపల్లిలో బూడిదతో ఇటుకలు, గని యంత్రముల మరమ్మతు శాలలు. జనగామలో ప్రత్తికి నూలు మగ్గములు – వీనికి కావలసినది పెద్ద యద్భుతము కాదు, నికరమైన కరెంటు, సులభమైన అప్పు, పని నేర్పు పాఠశాల.

నాలుగవది, ఇది ముఖ్యము, మన భూస్వాములును వర్తకులును తమ ధనమును ఎందు పెట్టుచున్నారో విచారించుకొనవలయును. పరిహారపు సొమ్మును, పంట లాభమును హైదరాబాదు చుట్టునున్న ప్లాట్లలో పాతిపెట్టుట సంపదను రెండవసారి ఎగుమతి చేయుటయే. బొగ్గు తరలిపోవుట కంపెనీ నిర్ణయము. ఈ రెండవ తరలింపు మన నిర్ణయము. పదిమంది ఆసాములు కలిసి యొక గిడ్డంగిని, ఒక మిల్లును నిలుపలేరా? వంద ఎకరముల రైతు తన యూరి పిల్లలు ఇరువదిమందికి పని చూపగలిగినచో, వారు నగరమునకు వలసపోయి కాపలా కాయు కొలువులు వెదుకనక్కరలేదు.

సింగరేణి బొగ్గు వలన దక్షిణదేశపు రైళ్లు నడచినవి, మిల్లులు తిరిగినవి, దీపములు వెలిగినవి. ఆ వెలుగులో తమకును పాలు కావలెనని భూపాలపల్లి, మహబూబాబాదు, జనగామ వాసులు కోరుట స్వార్థము కాదు, న్యాయము. గనులు పని నిచ్చుచున్న ఈ కాలముననే, బజారులో డబ్బు మెదలుచున్న ఈ కాలముననే, ఆ ప్రయత్నము జరుగవలయును. గని మూతపడిన మరునాడు వేయు పథకమువలన నెవరికిని అన్నము దొరకదు. పురపాలక సభ్యులు, రైతు సంఘములవారు, వర్తక ప్రముఖులు ఈ విషయము నాలోచించి, వచ్చు బడ్జెటు లోపల తమ కోరికలను లెక్కలతో సహా ప్రభుత్వము ముందుంచెదరు గాక యని మేము కోరుచున్నాము.